1955 సెంటు మీద రెండు 5లు: అచ్చు తప్పా, అరుగుదలా?

రాగిబిళ్ల
విదేశీ నాణేలు కలగాపులగంగా ఉన్న ఒక డబ్బా ఈ మధ్య నా చేతికి వచ్చింది. అందులో 1955 నాటి అమెరికా ఒక సెంటు నాణెం దొరికింది. బొమ్మ వైపు లింకన్ తల, బొరుసు వైపు రెండు గోధుమ కంకులు ఉన్నాయి, టంకశాల గుర్తు లేదు. సంవత్సరంలోని చివరి 5 పక్కన మరో 5 నీడలా కనిపిస్తోంది. అక్షరాలూ అంకెలూ రెండేసిగా పడిన 1955 జంట అచ్చు సెంటు గురించి ఎప్పటినుంచో చదువుతున్నవాణ్ణి కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారాక అనుభవం ఉన్న ఒక సేకర్తకు ఫొటో పంపితే, "అరిగిన అచ్చు, పక్కన పెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కారణం అడిగితే జవాబు లేదు. ఏది అసలైన అచ్చు తప్పో, ఏది అరుగుదలో, ఏది తర్వాత తగిలిన దెబ్బో తేల్చుకోవడానికి కంటికి కనిపించే ఆనవాళ్లు ఏమిటో ఎవరైనా ఓపికగా చెప్పగలరా? అదే డబ్బాలో అంచు కొరికేసినట్టున్న మరో సెంటు, నల్లగా మాడినట్టున్న రెండు మూడు నాణేలు కూడా ఉన్నాయి గాని అవి ఎలాగూ చెత్తే కాబట్టి వాటి సంగతి వదిలేస్తున్నాను.

భూతద్దం
ఒక్క ప్రశ్న. తల పైనున్న నినాదంలో గాని, ఎడమ పక్కనున్న లిబర్టీ అనే మాటలో గాని అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయా?

రాగిబిళ్ల
లేదండీ. చివరి 5 ఒక్కటే. దాని ముందున్న 5 కూడా మామూలుగానే ఉంది.

భూతద్దం
అయితే ఆ సేకర్త చెప్పింది నిజమే, చెప్పిన తీరే బాగాలేదు.

అసలైన 1955 జంట అచ్చు ఎలా పుట్టిందో తెలిస్తే మీదెందుకు అది కాదో అర్థమవుతుంది. నాణెం మీద బొమ్మ ఎలా ఉబ్బెత్తుగా ఉంటుందో అలాగే ఉబ్బెత్తు బొమ్మ ఉన్న ఉక్కు దిమ్మను హబ్ అంటారు. దాన్ని మెత్తబరిచిన మరో ఉక్కు దిమ్మ మీద బలంగా నొక్కితే బొమ్మ లోపలికి దిగి అచ్చు తయారవుతుంది. ఆ రోజుల్లో ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగేది కాదు కాబట్టి, దిమ్మను కాల్చి మళ్లీ మెత్తబరిచి రెండోసారి నొక్కేవారు. 1955లో ఒక అచ్చు విషయంలో ఆ రెండో నొక్కు కాస్త తిరిగి పడింది. ఫలితంగా అచ్చులోనే అక్షరాలు రెండేసి చొప్పున చెక్కుకుపోయాయి, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే తప్పు అదే చోట పడింది. అలాంటివి సుమారు 20,000 నుంచి 24,000 దాకా జనంలోకి వచ్చాయని అంచనా.

ఇప్పుడు మీ నాణెం చూద్దాం. తిరిగి పడిన నొక్కు బొమ్మ మొత్తాన్నీ తిప్పుతుంది గాని ఒక్క అంకెను ఏరుకుని తిప్పదు. అందుకే అసలుదాంట్లో సంవత్సరం నాలుగు అంకెలూ, లిబర్టీ, నినాదం అన్నీ భూతద్దం లేకుండానే రెండుగా కనిపిస్తాయి. మధ్యనున్న లింకన్ తలలో మాత్రం ఎడం పెద్దగా తెలియదు, ఎందుకంటే తిరుగుడు నడిమధ్య తక్కువగా, అంచు వైపు ఎక్కువగా ఉంటుంది. చివరి 5 పక్కన మాత్రమే నీడ పడిన 1955 సెంట్లు బోలెడు ఉన్నాయి. వాటికి సేకర్తలు "పేదవాడి జంట అచ్చు" అని ముద్దుపేరు కూడా పెట్టారు.

రాగిబిళ్ల
ముద్దుపేరుతో నా మనసు బాగానే కుదుటపడింది, ధన్యవాదాలు. కాని అచ్చు అరిగితే అంకె మాయం కావాలి గాని కొత్త అంకె ఎందుకు పుడుతుంది?

ప్రెస్సుమిస్త్రీ
ఇది నేను చెబుతాను. నాణేల పని కాదు గాని, ఉక్కు డైలతో, అంటే అచ్చులతో, రేకు భాగాలు కొట్టే ప్రెస్సుల మీద ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను.

డై కింద పడిన లోహం అదిమినచోట ఊరికే ఉండదు, పక్కకు పారుతుంది. ప్రతి దెబ్బకూ మధ్యనుంచి అంచు వైపు ఆ లోహం డై ముఖాన్ని ఒరుసుకుంటూ పోతుంది. వేల దెబ్బలు పడేసరికి అచ్చులోని అక్షరపు గాడి అంచులు కొట్టుకుపోయి, గాడి పక్కన మరో లోతులేని పల్లం ఏర్పడుతుంది. ఆ పల్లంలోకి పారిన లోహమే నాణెం మీద మీకు నీడలాగా కనిపించేది. అంచుకు దగ్గరగా ఉన్న అక్షరాల మీద ఈ రాపిడి ఎక్కువ. మీ నాణెం ఖాళీ భాగాన్ని ఒకే దీపం కింద వాలుగా పట్టి చూడండి. నున్నగా కాకుండా నారింజ తొక్కలాగా గరుకుగానూ, అంచు వైపు కిరణాల్లాంటి సన్నని గీతలతోనూ ఉంటే, ఆ డై ఆయుష్షు తీరిపోయిందని అర్థం.

రాగిబిళ్ల
చూశాను. అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. అక్షరాలు కూడా కాస్త ఉబ్బి, నీళ్లలో నానిన అటుకుల్లా కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ అది నాణెం అందమే అనుకున్నాను.

గల్లాపెట్టె
నాకొక అభ్యంతరం ఉంది. అచ్చు అరిగింది టంకశాలలోనే కదా? ఆయన జేబులో అరగలేదు. అలాంటప్పుడు అది టంకశాల తప్పు కాకుండా ఎలా పోతుంది? ఇక్కడ అందరూ "తప్పు", "దెబ్బ" అని రెండే గంపలు పెట్టి మాట్లాడుతున్నారు.

తులాభారం
గల్లాపెట్టె గారి మాటలో న్యాయం ఉంది. గంపలు రెండు కావు, కనీసం నాలుగు. టంకశాలలో ఒక నాణేనికి జరిగిన ప్రమాదం ఒకటి: ఇంకా ముద్ర పడని లోహపు బిళ్ల పక్కకు జరిగి ముద్ర సగమే పడటం వంటిది. అచ్చులోనే ఉండి దానితో కొట్టిన నాణేలన్నింటి మీదా తిరిగి తిరిగి కనిపించేది రెండోది. 1955 జంట అచ్చును చాలామంది ఒక్క నాణేనికి జరిగిన ప్రమాదంగా కాక, నాణేల్లో ఒక ప్రత్యేక రకంగా లెక్కించేది అందుకే. టంకశాలలోనే జరిగినా ఉత్పత్తిలో రోజూ ఉండే అరుగుదల, వదులు మూడోది, మీ 5 ఇందులోకి వస్తుంది. బయటికి వచ్చాక తగిలిన దెబ్బలు నాలుగోది. మూడో గంపలోవి అబద్ధాలు కావు, అరుదైనవీ కావు. వాటిని తప్పు అనాలా వద్దా అన్నది పేరు మీద తగాదా తప్ప వాస్తవం మీద తగాదా కాదు.

గల్లాపెట్టె
పేరు మీద తగాదాయే చాలా డబ్బు మీద తగాదా అవుతుందని గమనించగలరు. అయినా నాలుగు గంపల లెక్క ఒప్పుకుంటున్నాను.

బొమ్మాబొరుసు
మూడో గంపలో మరొకటి చేర్చాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది దానితోనే. ముద్ర పడిన క్షణంలో అచ్చు వదులుగా ఉండి కాస్త కదిలితే, అప్పుడే లేచిన అక్షరం పక్కభాగాన్ని అది తోసి చదును చేస్తుంది. దాన్ని యంత్రపు జంట అంటారు. పది మంది "జంట అచ్చు దొరికింది" అని ఫొటో పెడితే తొమ్మిది మందిది ఇదే. తేడా చాలా తేలిక. యంత్రపు జంటలో రెండో అక్షరం మెట్టులా, బల్లపరుపుగా, నేలకు దగ్గరగా ఉంటుంది. పైగా అది అసలు అక్షరం నుంచే కోసుకున్న భాగం కాబట్టి అసలు అక్షరం సన్నబడిపోతుంది. నిజమైన జంట అచ్చులో రెండు అక్షరాలకూ సొంత గుండ్రదనం, సొంత ఎత్తు ఉంటాయి, రెండూ కలిపి మామూలు అక్షరం కంటే వెడల్పుగా ఉంటాయి, అక్షరాల మూలల్లో చీలిక స్పష్టంగా కనిపిస్తుంది.

వీడియోవీరుడు
అయితే నేను గత ఆరు నెలలుగా డబ్బీలో దాచుకున్న పదిహేను "జంట అచ్చు" నాణేలనూ ఇప్పుడు మళ్లీ చూడాలన్నమాట.

వీడియోవీరుడు
చూశాను. పదిహేనుకు పదిహేనూ మెట్లే. మేడ కట్టుకోవచ్చు.

భూతద్దం
మీ ఒక్కరికే కాదు, నాకూ మొదటి సంవత్సరం అంతే. ఫోనుకు తగిలించే చవకరకం సూక్ష్మదర్శినులు దీన్ని మరింత పెంచుతాయి. వాటి చుట్టూ ఉండే దీపాల వలయం వల్ల ప్రతి అక్షరానికీ రెండు మెరుపు అంచులు కనిపిస్తాయి. పది రెట్లు పెంచే నగల భూతద్దం ఒకటి, ఒకే వైపు నుంచి పడే వెలుతురు ఉంటే చాలు. నాణేన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ చూసినప్పుడు వెలుతురుతో పాటు చోటు మారే జంట, జంటే కాదు.

చిలుము
ఉబ్బెత్తు, లోతు అనే తేడా గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. మేకుతో గీసినా, లెక్కపెట్టే యంత్రంలో రాసుకున్నా నాణెం మీది లోహం పక్కకు తొలగి గీత లోతుగా పడుతుంది, దాని ఒడ్డున లేచిన లోహం వేలికి తగులుతుంది. ఉబ్బెత్తుగా ఉంటే అచ్చు వైపు, లోతుగా ఉంటే దెబ్బ వైపు.

తులాభారం
మొదటి అడుగుగా ఆ సూత్రం మంచిదే గాని దానికి మినహాయింపులు చాలా ఉన్నాయి. అచ్చుకూ బిళ్లకూ మధ్య దారప్పోగో, లోహపు పీచో పడితే నాణెం మీద లోతైన ముద్రే పడుతుంది, అది టంకశాల తప్పే. అచ్చులో జిడ్డు పేరుకుంటే అక్షరాలు మాయమవుతాయి, అక్కడ ఉబ్బెత్తూ ఉండదు, లోతూ ఉండదు. అటునుంచి చూస్తే, ఉబ్బెత్తుగా కనిపించేవన్నీ అచ్చువీ కావు. 1982 తర్వాతి అమెరికా సెంట్లు రాగి పూత పూసిన జింకు బిళ్లలు. పూత కింద గాలి చిక్కుకుని పొక్కులు లేస్తాయి. లింకన్ చెంప మీద పొక్కును పట్టుకుని "అచ్చు పగులు" అని వాదించినవారిని నేను చూశాను.

చిలుము
పొక్కును గోటితో నొక్కితే దిగుతుంది, అచ్చు చిట్లినచోట లేచిన లోహం దిగదు.

తులాభారం
నాణెం మీద గోరు పెట్టే పరీక్ష దయచేసి ఎవరూ చేయకండి.

ప్రెస్సుమిస్త్రీ
అచ్చు పగులు నిజమైనదని తేల్చే ఇంకో సాక్ష్యం వెనక వైపు ఉంటుంది. అచ్చు అంచున ఒక ముక్క పూర్తిగా విరిగిపోయిందనుకోండి, నాణెం మీద ఆ చోట ఏ బొమ్మా లేని ముద్ద లేస్తుంది. బిళ్లలోని లోహం ఆ ఖాళీ నింపడానికి అటు పారిపోవడంతో, సరిగ్గా దాని వెనక ఎదురు ముఖంలో బొమ్మ నిండదు, మసకగా ఉంటుంది. దెబ్బ తిని ముద్ద కట్టిన నాణేనికి ఈ లెక్క కుదరదు.

పాతసందుగ
రాగిబిళ్ల గారికి ఊరటగా నా కథ చెబుతాను. నా మొదటి "అపూర్వ వస్తువు" ఒక నాణెం. దాని బొమ్మ వైపున మరో నాణెపు తల అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోయి, తర్వాతి బిళ్ల మీద తన ముఖాన్నే ముద్రించిందని, అలాంటివి టంకశాలల్లో నిజంగానే పుడతాయని చదివి మురిసిపోయాను. మూడేళ్ల తర్వాత ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఐదు సెకన్లలో తేల్చేశారు. రెండు నాణేలను బెంచ్ వైస్‌లో పెట్టి బిగించారట. ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "ఈ లోతు బొమ్మ కింద అసలు బొమ్మ ఎందుకు చదునుగా నలిగి ఉంది? టంకశాలలో పుట్టినప్పుడు ఈ ముఖం మీద ఇంకేదీ ఉండకూడదు కదా?" అప్పటినుంచి ప్రతి నాణేన్నీ అదే ప్రశ్న అడుగుతున్నాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది?

బొమ్మాబొరుసు
పాతసందుగ గారు అడిగిన ఆ ప్రశ్న రెండు వైపులా తల ఉన్న నాణేలకూ పనికొస్తుంది. అవి దాదాపు ఎప్పుడూ గారడీవాళ్ల కోసం చేసినవే. ఒక నాణేన్ని గుల్ల చేసి, మరోదాన్ని సన్నగా చెక్కి అందులో బిగిస్తారు. అంచు లోపలి గట్టు వెంబడి చూస్తే అతుకు కనిపిస్తుంది, బల్ల మీద వేస్తే గణగణమనదు, టక్కుమంటుంది.

గల్లాపెట్టె
బట్టలారబెట్టే యంత్రం సంగతి కూడా చెప్పండి. అందులో ఇరుక్కుని వారాల తరబడి దొర్లిన నాణెం అంచు చుట్టూ మందంగా మడతపడి, అంచు దగ్గరి అక్షరాలు దాని కింద సగం పూడిపోయి, వ్యాసం తగ్గి, చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. "మందపు గట్టు తప్పు" అని ఎవరైనా అమ్మజూపితే అది బట్టల మధ్య తిరిగి వచ్చిందని గుర్తించండి.

రాగిబిళ్ల
ఇదంతా చదివి డబ్బాలోని నల్ల నాణేలను మళ్లీ తీశాను. ఒకదాని మీద 1943 అని ఉంది! 1943 రాగి సెంటు అతి అరుదైనదని చదివాను. మాడిన రాగిలాగానే కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?

భూతద్దం
అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టండి. ఇంకేమీ చేయకండి. ముఖ్యంగా కడగకండి.

రాగిబిళ్ల
టక్కున అతుక్కుంది.

భూతద్దం
అయితే మామూలు ఉక్కు సెంటే. యుద్ధానికి రాగి కావలసి వచ్చి 1943లో సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. పూత అరిగి, కింద ఉక్కు తుప్పు పట్టి నల్లబడింది. ముందటి ఏడాది రాగి బిళ్లలు కొన్ని ప్రెస్సుల్లో మిగిలిపోయి 1943 అచ్చు కింద పడ్డాయి. అవే అసలైన అరుదైనవి. వాటికి అయస్కాంతం అతకదు, బరువు 3.11 గ్రాముల దగ్గర ఉంటుంది. ఉక్కుది సుమారు 2.7 గ్రాములే.

తులాభారం
ఇంకొక హెచ్చరిక. అయస్కాంతానికి అతకనంత మాత్రాన సంబరపడనక్కరలేదు. 1948 సెంటు మీది 8లో ఎడమ భాగాన్ని చెక్కేసి 3 చేసినవి చాలా ఉన్నాయి. అవి నిజంగానే రాగివి, నిజంగానే 3.11 గ్రాములు తూగుతాయి. అయస్కాంతమూ తూకమూ రెండూ మోసపోతాయి గాని, అంకె ఆకారం మోసం చేయదు. 1943లోని 3 తోక కిందికి పొడుగ్గా సాగి ఉంటుంది, 8ని కోసి చేసిన 3కు ఆ తోక రాదు.

వీడియోవీరుడు
రాగిబిళ్ల గారూ, మీ డబ్బా ఒక పాఠశాలండీ.

చిలుము
నల్లబడటం, ఎర్రబడటం, నీలం తిరగడం ఇవేవీ తప్పులు కావు. మట్టిలో పడి ఉంటే ఒక రంగు, మంటలో పడితే ఒక రంగు, ఆమ్లంలో పడితే ఒక రంగు. ఆమ్లంలో ముంచిన నాణెం పలచబడి, చిన్నదై, అక్షరాలు సమంగా కరిగి వస్తుంది. అలాంటిదాన్ని "పలచని బిళ్ల తప్పు" అని అమ్ముతారు. నిజంగా పలచని బిళ్ల మీద కొట్టినదైతే లోహం చాలక బొమ్మలో ఎత్తైన భాగాలు నిండవు, వ్యాసం మాత్రం కాలర్, అంటే ముద్ర పడేటప్పుడు బిళ్ల చుట్టూ ఉండే ఉక్కు వలయం, ఎంత ఉంటే అంతే ఉంటుంది. ఆమ్లం మాత్రం వ్యాసాన్ని కూడా తినేస్తుంది.

తులాభారం
ఇంతమంది ఇన్ని చెప్పారు గాని, మొదటి పోస్టులో రాగిబిళ్ల గారు "చెత్త" అని వదిలేసిన అంచు కొరికిన సెంటు గురించి ఎవరూ అడగలేదు. ఆ డబ్బాలో నాకు ఆసక్తి కలిగించింది అదొక్కటే. దాని సంవత్సరం, బరువు, కొరుకుడు ఆకారం చెప్పగలరా?

రాగిబిళ్ల
1946. కొరుకుడు చంద్రవంకలా వంపు తిరిగి ఉంది, బొమ్మ వైపు నుంచి చూస్తే గంటల ముల్లు నాలుగు చూపించే చోట. బరువు 2.87 గ్రాములు. ఎవరో పట్టకారుతో కత్తిరించారనుకున్నాను.

ప్రెస్సుమిస్త్రీ
పట్టకారుతో కత్తిరిస్తే అంత శుభ్రమైన వంపు రాదు. బిళ్లలను పొడుగాటి రేకు నుంచి పంచ్‌లతో, అంటే గుండ్రంగా కోసే ఉక్కు పనిముట్లతో, కొడతారు. రేకు ఒక అడుగు తక్కువ జరిగితే, అంతకు ముందే కొట్టిన రంధ్రం మీద పంచ్ కాస్త ఎక్కి పడుతుంది. అప్పుడు వచ్చిన బిళ్లకు ఒక వైపు వంపు లోటు ఉంటుంది. ఆ వంపు పాత రంధ్రానిదే కాబట్టి, మరో సెంటు అంచును దానికి ఆనిస్తే దాదాపు సరిగ్గా కుదరాలి. చూడండి.

రాగిబిళ్ల
కుదిరింది! ఆశ్చర్యంగా ఉంది, రెండు ముక్కలు అతికినట్టు కుదిరింది.

చిలుము
వంపు కుదిరినంత మాత్రాన నమ్మకండి. గుండ్రటి ఆకురాయితో అలాంటి వంపు పావుగంటలో చేయవచ్చు. బరువు తగ్గడం కూడా సాక్ష్యం కాదు, కోసినా తగ్గుతుంది. మామూలు రాగి సెంటు బరువు 3.11 గ్రాములు, అనుమతించిన తేడా 0.13 గ్రాములు. ఇది దానికంటే తక్కువగా ఉందంటే లోహం పోయిందని తెలుస్తుంది గాని, టంకశాలకు ముందు పోయిందా తర్వాత పోయిందా అని తెలియదు.

తులాభారం
చిలుము గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇప్పుడు అసలు పరీక్ష. కొరుకుడుకు సరిగ్గా ఎదురుగా, అంటే గంటల ముల్లు పది చూపించే చోట, అంచు గట్టు ఎలా ఉంది? రెండో ప్రశ్న, కొరుకుడుకు ఆనుకుని ఉన్న అక్షరాలు అంచు దగ్గర పదునుగా తెగిపోయాయా, లేక సాగి మసకబారాయా?

రాగిబిళ్ల
రెండూ చూశాను, రెండు సార్లు చూశాను. పది దగ్గర గట్టు దాదాపు లేదు. మిగతా చుట్టూ గట్టు బాగానే లేచి ఉంది, అక్కడ మాత్రం వేలు నున్నగా జారిపోతోంది. అక్షరాలకు వస్తే, కొరుకుడు పక్కన ఉన్నవి దాని వైపు సాగినట్టుగా, కొసలు కరిగినట్టుగా ఉన్నాయి. కోసినట్టు లేవు.

తులాభారం
అదీ. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ముద్ర వేయడానికి ముందు బిళ్లను ఒక ఇరుకు గాడిలో దొర్లించి చుట్టూ గట్టు లేపుతారు. రెండు ఎదురెదురు వైపుల నుంచి ఒత్తిడి పడితేనే గట్టు లేస్తుంది. ఒక వైపు లోటు ఉన్నప్పుడు, సరిగ్గా దానికి ఎదురువైపున ఒత్తిడి పడక గట్టు లేవదు. టంకశాల నుంచి బయటికి వచ్చిన తర్వాత ఎవరు ఆకురాయి పట్టినా, ఎదురువైపు గట్టును మాత్రం వెనక్కి తీసుకువెళ్లి పోగొట్టలేరు. అక్షరాలు సాగడానికీ కారణం అదే కోవలోది. ముద్ర పడేటప్పుడు ఆ చోట కాలర్ ఆనుకోడానికి లోహం లేదు, అందుకే దాపున ఉన్న లోహం ఆ ఖాళీ వైపు పారింది.

చిలుము
ఎదురువైపు గట్టును చేత్తో రుద్ది అరగదీసి, తర్వాత ఇటు కోయవచ్చు కదా? చేసేవాడికి ఈ పరీక్ష తెలిస్తే ఆ పనీ చేస్తాడు.

బొమ్మాబొరుసు
అనుమానం ఉండాల్సిందే గాని, గట్టును రుద్దితే అక్కడి అక్షరాల మీద కూడా రాపిడి గీతలు, మెరుపు కనిపిస్తాయి. గట్టు లేవకపోతే ఆ పక్క అక్షరాలు గట్టు వైపు పలచబడతాయి గాని గీసుకుపోవు.

భూతద్దం
ఎదురుమాట ఒకటి నేనూ చెప్పాలి. ఈ ప్రభావం కనిపించకపోతే నకిలీ అని కొందరు తీర్మానిస్తారు, అది పొరపాటు. లోటు చాలా చిన్నదైనా, తిన్నగా ఉన్నా ఈ గుర్తు స్పష్టంగా రాకపోవచ్చు. గుర్తు ఉంటే బలమైన సాక్ష్యం, లేకపోతే మిగతా సాక్ష్యాలు వెతకాలి.

ప్రెస్సుమిస్త్రీ
చిలుము గారి అనుమానం తీర్చడానికి ఇంకొకటి చూడవచ్చు. నాణేన్ని నిలువుగా పట్టి, కొరుకుడు మందాన్ని భూతద్దంలో చూడండి. పంచ్ తెంపిన లోహం అంచు మందమంతా ఒకే తీరుగా ఉండదు, ఒక భాగం నున్నగా తెగి, మిగతా భాగం చిరిగినట్టు గరుకుగా ఉంటుంది. ఆకురాయి పెడితే ఒకే దిక్కున సమాంతరంగా గీతలు పడతాయి. రంగు కూడా చూడండి, తర్వాత కోసినది అయితే తెగిన చోట రాగి మిగతా నాణెం కంటే కొత్తగా ఉంటుంది.

రాగిబిళ్ల
చూడటానికి సమయం పట్టింది, మన్నించండి. కిటికీ దగ్గర నిలబడి, నాణేన్ని రెండు వేళ్ల మధ్య అంచులు మాత్రమే తాకేలా పట్టుకుని చూశాను. కొరుకుడు మందంలో సుమారు సగం నున్నగా ఉంది, మిగతా సగం విరిగిన బెల్లపు ముక్కలా గరుకుగా ఉంది. ఎక్కడా సమాంతర గీతలు లేవు. రంగు మిగతా నాణెంలాగే ముదురు గోధుమ రంగు, గరుకు భాగం సందుల్లో కూడా అదే మకిలి పట్టి ఉంది. పది దగ్గర గట్టు లేని చోట మెరుపు గాని, రాపిడి గాని లేదు.

చిలుము
అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. చేతిలో పట్టుకుని చూడకుండా అంతకు మించి అడగడానికి నా దగ్గర ప్రశ్నలు లేవు.

గల్లాపెట్టె
మొదటి రోజు ఆ సేకర్తకు ఈ ఫొటో పంపి ఉంటే ఏమనేవారో.

రాగిబిళ్ల
ఆయనకు ఈ నాణెం చూపించలేదు, చెత్త అని నేనే అనుకున్నాను కదా. 1946ను అట్ట చట్రంలో పెట్టి బరువు, కొరుకుడు ఉన్న చోటు, ఎదురు గట్టు వివరాలు వెనక రాశాను. 1955ను కూడా పారేయడం లేదు, దాని అట్ట మీద "అరిగిన అచ్చు, చివరి 5" అని రాసి పక్క గడిలో పెట్టాను. నల్లవాటిలో ఇంకొకటి మిగిలింది. సంవత్సరం కనిపించడం లేదు, అయస్కాంతానికి అతకడం లేదు, బరువు 3.02.

తులాభారం
1943 కావచ్చని ఆశపడుతున్నారా?

రాగిబిళ్ల
కాస్త.

తులాభారం
బొరుసు వైపు చూడండి. గోధుమ కంకులు ఉన్నాయా, భవనం ఉందా?

రాగిబిళ్ల
భవనం.

భూతద్దం
కంకుల చోట ఆ భవనం, అంటే లింకన్ స్మారకం, 1959 నుంచే వచ్చింది. ఇక పడుకోండి.